నైట్ హాల్టు ఊరి వంతు అన్నం

కండక్టరుగా చేసి రిటైరైన మనిషి దొరికితే కుర్రవాళ్ళు అడిగేవి రెండే. యాక్సిడెంటు ఎప్పుడైనా చూశారా అంటారు. లేకపోతే, టిక్కెట్ లేకుండా ఎక్కినవాళ్ళని ఎలా పట్టుకునేవారు అంటారు. రెండింటికీ నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. మా బస్సు ఎవరినీ గుద్దలేదు. టిక్కెట్ లేనివాళ్ళు ఎక్కేవాళ్ళు, నేను అరిచేవాణ్ణి, వాళ్ళు దిగిపోయేవాళ్ళు. సర్వీసు మొత్తంలో నాకు గుర్తుండిపోయింది ఒక భోజనం. తుఫాను ముంచుకొస్తుంటే, బస్సు నిండా జనాన్ని కూర్చోబెట్టి, ఒక తాటాకు ఇంట్లో నేల మీద కూర్చుని నేనూ మా డ్రైవరూ తిన్న భోజనం. దాని గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తున్నాను.

ముందు నైట్ హాల్టు అంటే ఏమిటో చెప్పాలి. సొంత బండ్ల మీద తిరిగే మీకు ఆ మాట కొత్త కావచ్చు. సాయంత్రం బస్సు రూట్లో చివరి ఊరికి చేరుతుంది. రాత్రి అక్కడే ఉండి, తెల్లారకముందే మొదటి ట్రిప్పుగా తిరిగి బయల్దేరుతుంది. డ్రైవరూ కండక్టరూ ఆ ఊళ్ళోనే పడుకోవాలి. మా డిపోలో ఈ డ్యూటీ అంటే అందరికీ తలనొప్పే. పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు సెలవు పెట్టయినా తప్పించుకునేవాళ్ళు. నాకు ఆ బాధ లేదు. పెళ్ళయిన కొత్తల్లోనే నా భార్య జబ్బు చేసి పోయింది. మళ్ళీ చేసుకోమన్నవాళ్ళకి ఏదో ఒక సాకు చెప్తూ ఉండగానే జుట్టు నెరిసిపోయింది. బందరులో ఒక గది, దానికో తాళం, అదీ నా సంసారం. ఎదురుచూసే మనిషి లేనివాడికి ఏ ఊళ్ళో పడుకున్నా ఒకటే. అందుకని డ్యూటీలు వేసే ఆయన నైట్ హాల్టు దగ్గరికి రాగానే ఆలోచించకుండా నా పేరు రాసేసేవాడు.

నాకు పడిన ఊరు కోడూరు దాటాక, హంసలదీవికి ఇవతల ఉంటుంది. పేరు చెప్పను. వేట మీద బతికే ఊరు. మగవాళ్ళు పడవల మీద సముద్రంలోకి వెళ్తారు, ఆడవాళ్ళు చేపలు తట్టలకెత్తుకుని అవనిగడ్డ, చల్లపల్లి మార్కెట్లకి తీసుకెళ్తారు. పొద్దెక్కితే చేప పాడవుతుంది, ధర పడిపోతుంది. అందుకని మా మొదటి బస్సే వాళ్ళకి ఆధారం. బస్సంతా నీచు వాసన, తట్టల్లోంచి కారిన నీళ్ళు. కోడూరులో ఎక్కే ఉద్యోగస్తులు ముక్కులు మూసుకుని నన్ను తిట్టేవాళ్ళు. నేను తట్టల వాళ్ళని తిట్టేవాణ్ణి. తట్టల వాళ్ళు నవ్వేవాళ్ళు.

పక్క ఊరికి ఒకప్పుడు ఇలాంటి బస్సే ఉండేది. పడుకోవడానికి చోటు లేదు, తాగడానికి మంచినీళ్ళు లేవు అని సిబ్బంది కంప్లయింటు చేస్తే ఎత్తేశారు. అది చూసి మా ఊరివాళ్ళు జాగ్రత్తపడ్డారు. మాకు పాత స్కూలు గది ఇచ్చారు, దోమతెరలు కట్టారు. రాత్రి భోజనం వంతులవారీగా పెట్టారు. వీధి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా వరసగా రోజుకో ఇల్లు. పొద్దుగూకేసరికి ఎవరి వంతయితే వాళ్ళు క్యారేజీ పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎక్కడా రాసిపెట్టుకున్నది లేదు. ఇవాళ ఎవరిల్లో ఊళ్ళో పాకే పిల్లకి కూడా తెలుసు.

దీన్ని మీరు పల్లెటూరి మంచితనం అంటారేమో. నేను మొదట్లో ఇది లంచం అనుకున్నాను, కాకపోతే పులుసు రూపంలో ఇస్తున్నారు అనుకున్నాను. బస్సు ఆగిపోకుండా ఉండటానికి మొదలుపెట్టిన మాట నిజమే. కానీ రాను రాను అది పరువు సంగతి అయిపోయింది. తన వంతు వస్తోందంటే ముందురోజు నుంచే ఇల్లాలు ఏ చేప దొరుకుతుందా అని రేవు వైపు చూసేది. నిన్న వాళ్ళింట్లో ఏం పెట్టారండీ అని ఆరా తీసేవాళ్ళు. బస్సు మాట అందరూ మరిచిపోయారు. అవసరం కోసం పెట్టిన చెయ్యి ఎప్పుడు మనసుతో పెట్టడం మొదలుపెట్టిందో వాళ్ళకే తెలియదు, నాకేం తెలుస్తుంది.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. ఎంగిలి చేత్తో కాకిని తోలడు అని డిపోలో నా మీద పేరు. అబద్ధం కాదు. ఎవరికీ టీ ఇప్పించిన పాపాన పోలేదు. పెళ్ళికి పిలిస్తే అక్షింతలు వేసి, భోంచేసి, వచ్చేవాణ్ణి. ఇచ్చుకునేందుకు నాకెవరున్నారు అనేది నా సమాధానం. అలాంటివాడికి ఆ ఊరి అన్నం అలవాటైంది. ప్రతి ఇంటి ఉప్పూ కారం నాకు నాలుక మీద గుర్తు. కళ్ళకి గంతలు కట్టి పులుసు పోసినా ఇది ఫలానా ఇల్లని చెప్పేవాణ్ణి. నాకంటూ ఇంటి వంట ఏదైనా ఉంటే అదే.

మా డ్రైవరు నాకు పూర్తిగా ఎదురు. గుడివాడ దగ్గర ఊరు. మాగాణి ఉన్న రైతు కుటుంబం. ఉద్యోగం చెయ్యకపోయినా గడుస్తుంది, స్టీరింగు మీద మోజుతో చేసేవాడు. చెయ్యి పెద్దది. టీ కొట్టు దగ్గర ఆగితే ఉన్నవాళ్ళందరికీ ఆయనే ఇప్పించేవాడు. పంట చేతికొస్తే ఆ ఊళ్ళో ఇంటింటికీ పెసలో మినుములో తెచ్చి పంచేవాడు. పండక్కి పిల్లలకి బట్టలు తెచ్చేవాడు. ఆ ఊరు ఆయన్ని దేవుడిలా చూసేది. ఒక సాయంత్రం బస్సు మెట్ల మీద కూర్చుని నాకు ధర్మం బోధించాడు. ఉన్నవాడు పెట్టాలి, లేనివాడు తినాలి, ఇందులో వేదాంతం ఏముందయ్యా అన్నాడు. మరి నువ్వు లేనివాళ్ళ అన్నం తింటున్నావుగా అన్నాను. ఆ మాట ఆయనకి గుచ్చుకున్నట్టుంది. నిజంగానే ఆయనకి తినడం రాదు. రెండు ముద్దలు కాగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అనేవాడు. పెట్టడం తెలిసినవాళ్ళందరికీ తినడం తెలియాలని లేదు.

వీధి చివరింట్లో మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. పిల్లల్లేరు. వాళ్ళ వంతు వస్తే భర్తే క్యారేజీ పట్టుకొచ్చి, పక్కన కూర్చుని, మేం తింటుంటే చేపల కబుర్లు చెప్పేవాడు. ఆవిడా వెంట వచ్చి, నిలబడి చూస్తూ, అడక్కుండానే మారు వడ్డించేది. నన్ను తమ్ముడూ అనేది, డ్రైవర్ని అన్నయ్య గారూ అనేది. పొద్దున్న బస్సులో తట్ట వెనక సీటు కింద తోసేసి నా సీటు దగ్గరకొచ్చి నిలబడి అవనిగడ్డ దాకా ఏదో ఒకటి చెప్తూనే ఉండేది. టిక్కెట్లు కొట్టుకోనివ్వవా అని విసుక్కునేవాణ్ణి. ఏ రోజైనా ఆవిడ ఎక్కకపోతే దారి పొడుగ్గా అనిపించేది, ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి వేటకి వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఆవిడ భర్త అందులో ఉన్నాడు. మనిషి కూడా దొరకలేదు. ఊరంతా ఆవిడ వెనక నిలబడింది. ఆ రేవులో ఒక ఆనవాయితీ ఉంది. వల ఒడ్డుకి చేరాక, వేలంపాట మొదలయ్యే ముందు, మగదిక్కు లేని ఆడవాళ్ళకీ వేటకి వెళ్ళలేని ముసలివాళ్ళకీ కూరకని గుప్పెడు చేపలు తీసిస్తారు. అడగక్కర్లేదు, వెళ్ళి నిలబడితే చాలు. ఆవిడా వెళ్ళి నిలబడేది. తెచ్చుకున్నవాటిలో కొన్ని వండుకుని, కొన్ని ఎండబెట్టి మార్కెట్లో అమ్ముకునేది. తన వంతు వచ్చినప్పుడు క్యారేజీ మాత్రం మానలేదు. మొదట్లో ఏదో ఒక చేప ఉండేది. తర్వాత ఎండు నెత్తళ్ళ వేపుడు. ఒకరోజు గోంగూర పచ్చడి, ఉల్లిపాయ. నాకు అదే పరమాన్నం. మా డ్రైవరుకి మాత్రం ముద్ద దిగలేదు. ఆవిడ చిక్కిపోయిన ముంజేతులు చూశాడు, ఇంటి మీద చివికిన తాటాకు చూశాడు.

మర్నాడు ఊరి పెద్దతో మాట్లాడాడు. ఆ పెద్దాయన కూడా మంచివాడే. మాకూ అదే అనిపిస్తోందండీ, ఆవిడతో ఎట్టా అనాలో తెలీక ఊరుకున్నాం అన్నాడు. చివరింటి వంతు ఎత్తేసి, దాని ముందు ఇంటితో వరస ఆపి మళ్ళీ మొదటికి రావాలని అనుకున్నారు. ఆవిడకి చెప్తే బాధపడుతుందని చెప్పలేదు. విన్నప్పుడు నాకూ సబబుగానే తోచింది. అందరూ మంచి మనసుతోనే చేశారు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే దీంతో వచ్చిన చిక్కు.

ఆవిడ వంతు రావాల్సిన సాయంత్రం వచ్చింది. మొదటింటివాళ్ళు క్యారేజీ తెచ్చి పెట్టారు. మేం మూత తీస్తున్నాం. వీధి చివర నుంచి ఆవిడ వస్తోంది, చేతిలో క్యారేజీ. దగ్గరకొచ్చి, మా ముందున్న గిన్నెలు చూసి ఆగిపోయింది. డ్రైవరు గబగబా లేచాడు. నువ్విక శ్రమపడక్కర్లేదమ్మా, మేం పెద్దలతో మాట్లాడాం, నీ వంతు తీసేశారు, నిశ్చింతగా ఉండు అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. ఆవిడ సరేనండీ అంది. క్యారేజీ పట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ చిన్న ఇంట్లో ఒక్కతే కూర్చుని ఇద్దరికోసం వండింది ఏం చేసుకుందో నాకు తెలియదు. నేను మాత్రం మొదటింటివాళ్ళ పులుసు కడుపునిండా తిన్నాను, కాకపోతే నిద్ర పట్టలేదు.

ఆ మర్నాటి నుంచి ఆవిడ నా సీటు దగ్గరికి రావడం మానేసింది. తట్టతో పాటు వెనకే నిలబడేది. చిల్లర చేతిలో పెట్టి, "అవనిగడ్డ ఒకటి ఇవ్వండి కండక్టరు గారూ" అనేది. మనిషికి గౌరవం పెరిగితే ఇంత బాధగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. చుట్టాలు పక్కాలు లేనివాణ్ణి. నన్ను తమ్ముడూ అని పిలిచే గొంతు ఈ జిల్లాలో అదొక్కటే. అదీ పోయింది. టిక్కెట్లు ఎవరి అడ్డూ లేకుండా కొట్టుకునేవాణ్ణి.

తర్వాత రేవుకి కూడా రావడం మానేసింది. పొరుగింటావిడ ఒకరోజు బస్సులో చెప్పింది. కూరకని పక్కన తీసిపెట్టిన చేపలు ఇంటికి పంపితే, నాకు వద్దు తీసుకెళ్ళండి అందట. ఎవరింటి నుంచి ఏం వచ్చినా గడప దాటనివ్వడం లేదట. మార్కెట్‌కి రావడమూ తగ్గించింది. మా డ్రైవరు మనసు ఊరుకోక ఒక బియ్యం బస్తా తెచ్చి ఆవిడ అరుగు మీద దింపించాడు. మేం డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా అది అక్కడే కనిపించేది. వానకి తడిసి, ఎండకి ఎండి, ముక్కిపోయింది. కోళ్ళు పొడుచుకు తిన్నాయి. అది చూసి ఆయన నొచ్చుకున్నాడు. మనం చేసింది మంచే కదయ్యా, ఇంత పొగరేమిటి అన్నాడు. ఊళ్ళోనూ పొగరనే అనుకున్నారు. పొరుగింటావిడ మాత్రం, "ఇట్టాగైతే మనిషి దక్కదండీ" అంది. దక్కదనే నాకూ అనిపించింది. బస్సు ఎక్కేటప్పుడు మెట్టు మీద కమ్మీ పట్టుకుని కాసేపు ఆగాల్సి వచ్చేది ఆవిడకి. చెయ్యి అందించాలని ఉండేది. తీసుకోదని తెలుసు.

తుఫాను హెచ్చరిక వచ్చింది ఆ రోజుల్లోనే. ఆ తీరంలో ఆ మాటని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఉప్పెన అన్న మాట చెబితే ఇప్పటికీ ముఖాలు మారిపోతాయి. సముద్రం ఒడ్డు ఊళ్ళు ఖాళీ చేయించమని ఆర్డరు, మా బస్సు ఆ ఊరికి వేశారు. మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. సరుగుడు చెట్లు వంగి లేస్తున్నాయి. ఊరంతా రోడ్డు మీదే ఉంది. చంకలో కోడి, నెత్తిన మూట, దుప్పట్లో చుట్టిన టీవీ. ఒకాయన వల వదిలి రానని కూర్చుంటే వలతో సహా ఎక్కించాం. గ్రామ రెవెన్యూ ఆయన, ఒక కానిస్టేబులు ఇంటింటికీ తిరిగి అందరినీ తరుముకొస్తున్నారు. ఇదే ఆఖరి ట్రిప్పు, తర్వాత కరకట్ట రోడ్డు మీద బండి వెళ్ళనివ్వరు అని రెవెన్యూ ఆయన మాటిమాటికీ అంటున్నాడు.

అందరూ ఎక్కారు. ఆవిడ లేదు. కానిస్టేబులు చివరింటికి వెళ్ళి తడిసి ముద్దయి తిరిగొచ్చాడు. రానంటోంది సార్, వంట చేస్తోంది అన్నాడు. ఈ గాలిలో వంటేమిటని రెవెన్యూ ఆయన తల పట్టుకున్నాడు. బస్సులో ముందు సీట్లో కూర్చున్న ఊరి పెద్ద తలదించుకున్నాడు. మెల్లగా చెప్పాడు.

"పాత వరస లెక్కన అయితే ఇవాళ ఆవిడ వంతండీ."

రెవెన్యూ ఆయనకి ఏమీ అర్థం కాలేదు. వంతేమిటి, గొంతేమిటి, ఇద్దరు వెళ్ళి ఎత్తుకొచ్చెయ్యండి అన్నాడు. మా డ్రైవరు ఇంజను ఆపేసి దిగాడు. ఎవరూ రాకండి, నేను తీసుకొస్తాను అన్నాడు. వెనకాలే నేనూ దిగాను.

ఇల్లు ఒక పక్కకి ఒరిగి ఉంది. కప్పు లోంచి నీళ్ళు కారుతున్నాయి. పొయ్యి తడవకుండా పైన ప్లాస్టిక్ పట్టా కట్టి, దాని కింద కూర్చుని ఆవిడ ఎండు రొయ్యల పులుసు కలుపుతోంది. అన్నం అప్పటికే వార్చి పెట్టింది. చాప వేసి, రెండు కంచాలు కడిగి బోర్లించి ఉంచింది. మమ్మల్ని చూసి లేవలేదు. అయిపోయిందండీ, కూర్చోండి అంది.

డ్రైవరు బతిమాలాడు. నీళ్ళు వచ్చేస్తున్నాయమ్మా, అందరూ బస్సులో నీ కోసం చూస్తున్నారు, అన్నం అక్కడ కోడూరు స్కూల్లో పెడతారు అన్నాడు.

"అక్కడ వాళ్ళు పెడతారు. ఇక్కడ పెట్టేది నేను" అంది ఆవిడ. "మీరు తినకపోతే నేను రాను. బలవంతాన మోసుకెళ్తారా, మోసుకెళ్ళండి. అక్కడ పెట్టేది మాత్రం ముట్టుకోను."

ఆ మనిషి ఉన్న స్థితిలో ఆ మాటకి అర్థం ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. డ్రైవరు అన్నం గిన్నె వైపు చూశాడు. "నీకే లేదు కదమ్మా. ఉన్న నాలుగు గింజలూ మాకెందుకు పెట్టడం?"

ఆవిడ గరిటె కింద పెట్టింది. కోపం లేదు. చాలా రోజుల నుంచి లోపల ఉంచుకున్న మాట కాబట్టి తడబడకుండా వచ్చింది.

"లేదని నేను చెప్పానా అన్నయ్య గారూ? మా ఆయన పోయాడు, పడవ పోయింది. ఈ ఊళ్ళో నాదంటూ మిగిలింది ఆ వంతొక్కటే. అది మీరు జాలిపడి తీసేశారు. ఇంక నేను ఎవరి దగ్గర ఏ మొహం పెట్టుకుని చెయ్యి చాపాలి?"

బయట తాటాకు ఏదో ఊడి పడిన చప్పుడైంది. డ్రైవరు గుమ్మంలో నిలబడిపోయాడు. జీవితమంతా ఇస్తూ వచ్చిన మనిషి. ఇచ్చిన చోటల్లా దణ్ణాలే చూశాడు. తన వల్ల ఎవరికైనా ఏదైనా పోయిందన్న మాట మొదటిసారి వింటున్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

నాకు ఉపాయాలు తెలియవు, ఓదార్పు మాటలు అంతకన్నా రావు. నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, తినడం. చెప్పులు విడిచి, లోపలికెళ్ళి, చాప మీద కూర్చుని కంచం తిప్పి పెట్టుకున్నాను. ఆకలేస్తోంది, పెట్టక్కా అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. తమ్ముడూ అనలేదు గానీ, అన్నం పెట్టింది. నా పక్కన చాప మీద బరువుగా ఎవరో కూర్చున్నట్టు తెలిసింది. రెండో కంచం కూడా తిరిగింది.

ఉప్పు ఎక్కువైంది పులుసులో. పైనుంచి వాన చుక్కలు పడి సరిపోయింది. బయట హారన్ మోగడం మొదలుపెట్టింది. రెవెన్యూ ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని ఆపకుండా నొక్కుతున్నాడు. మా డ్రైవరు తల ఎత్తలేదు. పెద్ద పెద్ద ముద్దలు కలిపి తిన్నాడు. ఆవిడ మారు వడ్డించడానికి వంగినప్పుడు అలవాటు కొద్దీ కంచం మీదికి చెయ్యి వెళ్ళింది. మళ్ళీ ఆ చెయ్యి తీసేశాడు.

"పులుసు ఇంకాస్త పొయ్యమ్మా" అన్నాడు.

ఎన్నో ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని తిన్నాను. మారు అడగడం నేను విన్నది అప్పుడే. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే కారం అన్నట్టుగా ముక్కు ఎగబీలుస్తూ తిన్నాడు. గిన్నె అడుగు దాకా తిన్నాం. అంతా అయ్యాక ఆవిడ ఎంగిలి కంచాలు వదిలేసి ఇల్లు దాటకూడదని కూర్చుంది. ఒకపక్క హారన్, ఒకపక్క గాలి. డ్రైవరు ఆ రెండు కంచాలూ గుమ్మం బయట వానలో చాపి పట్టుకున్నాడు. ఒక్క నిమిషంలో శుభ్రమైపోయాయి. ఆవిడ వాటిని చూరు కింద బోర్లించి, పొయ్యిలో నీళ్ళు చల్లి, తలుపు గొళ్ళెం పెట్టి మాతో నడిచింది. బస్సు ఎక్కేటప్పుడు మెట్టు దగ్గర ఆగింది. నేను చెయ్యి అందిస్తే పట్టుకుని ఎక్కింది.

లోపల సర్దుకుని చోటిచ్చారు. రెవెన్యూ ఆయన ఒక్కడే మా మీద రిపోర్టు రాస్తానని కోడూరు దాకా అంటూనే ఉన్నాడు. రాయలేదు పాపం.

స్కూల్లో అన్ని ఊళ్ళవాళ్ళూ కలిసిపోయి సంతలా ఉంది. పులిహోర పొట్లాలు వచ్చాయి. పంచేవాళ్ళు చాలక, మీకు జనం తెలుసు కదా అంటూ ఒక గోనెసంచి నా చేతికిచ్చారు. టిక్కెట్ ఇవ్వడం తప్ప నా చేత్తో ఇంకొకరికి ఏదీ ఇచ్చి ఎరగను. వరసగా ఇచ్చుకుంటూ వెళ్తున్నాను. కిటికీ పక్కన గోడకి చేరబడి ఆవిడ కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచో ఎవరు ఏమిచ్చినా తోసేసిన మనిషి. పొట్లం చాపి, ఏమంటుందోనని నిలబడ్డాను.

ఆవిడ రెండు చేతులూ చాపింది.

"ఇయ్యి తమ్ముడూ. మీకు పెట్టాలని పొద్దున్నించీ నేనేం తినలేదు." పొట్లం విప్పుతూ తల ఎత్తింది. "అన్నయ్య కడుపునిండా తిన్నాడుగా?"

తిన్నాడక్కా అన్నాను.

"అయితే నాకు ఇంకోటి ఇయ్యి."

ఇచ్చాను. ఊరి పెద్దా, పొరుగింటావిడా పక్కనే ఉన్నారు, అందరి ముందూ ఏ మొహమాటం లేకుండా తింది. మెతుకు మిగల్చకుండా తిని, ఆకు మడిచి, నీళ్ళు అడిగింది. నీళ్ళూ తెచ్చి ఇచ్చాను. ఆ పులిహోర నేను వండింది కాదు, నా సొమ్ముతో వచ్చిందీ కాదు. అయినా నా చేతి నుంచి ఒకరు అన్నం తీసుకుని తినడం నేను చూసింది అదే మొదటిసారి. ఖాళీ సంచి పట్టుకుని బస్సులోకెళ్ళి నా సీట్లో కూర్చున్నాను. ఎందుకో తెలియదు, చాలాసేపు ఏడుపు ఆగలేదు.

ఆ తుఫానుకి ఆవిడ ఇంటి కప్పు ఎగిరిపోయింది. ఊరివాళ్ళు తాటాకు తెచ్చి కప్పారు. కప్పనిచ్చింది. వంతు మళ్ళీ చివరింటి దాకా వెళ్ళింది, ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు. తర్వాత కొన్నాళ్ళకి ఆ రూట్లో ఆటోలు ఎక్కువై నైట్ హాల్టు తీసేశారు. నేను రిటైరయ్యాను. డ్రైవరు అంతకుముందే రిటైరై, పోయాడు కూడా. పెట్టే గుణం ఎక్కడ నుంచి వస్తుంది అని ఈమధ్య తరచు ఆలోచిస్తున్నాను. పని లేనివాడికి ఆలోచనలే కదా. ఉన్నదాంట్లోంచి వస్తుందని డ్రైవరు అనేవాడు. అవసరం నుంచి వస్తుందని నేను అనుకునేవాణ్ణి. పెట్టినదాన్ని కాదనకుండా తినే మనిషి ఎదురుగా ఉంటేనే అది వస్తుందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ మనిషి లేకపోతే లోపలే ముక్కిపోతుంది.

నేను బందరులో అదే గదిలో ఉంటున్నాను. ఈ వయసులో వంట నేర్చుకున్నాను. సాయంత్రం రేవు నుంచి చేపలొస్తే తెచ్చుకుని పులుసు పెట్టుకుంటాను. అది ఎలా ఉందో నాకు తెలియదు, చెప్పేవాళ్ళు లేరు. ఇన్ని ఇళ్ళల్లో తిన్నవాణ్ణి, నా ఇంట్లో నా చేతి వంట తిన్న మనిషి ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. పెద్దవాణ్ణి కాబట్టి ఇక్కడ మీకేదైనా నీతి చెప్పాలి. దానికి బదులు ఒకటి అడుగుతాను. మీలో ఎవరికైనా బందరులో పని పడితే సాయంత్రం పూట ఇటు రండి. బస్టాండు దగ్గర ఒంటరి కండక్టరు గది అంటే చూపిస్తారు. ముందుగా ఫోన్ చెయ్యక్కర్లేదు. వచ్చాక మాత్రం, తినేసి వచ్చామండీ అనకండి.